పాత బండి పెట్రోల్ ట్యాంకు కారుతుంటే: మాటు, వెల్డింగు, కోటింగు, వేరే ట్యాంకు... దేనికి ఎప్పుడు వెళ్లాలి?

పాత స్ప్లెండర్, ఆర్‌ఎక్స్ 100, బుల్లెట్, యెజ్డీ. వీటిలో ఏ బండి ఉన్నవాళ్లకైనా ఎప్పుడో ఒకప్పుడు ఈ టెన్షన్ తప్పదు. పొద్దున్నే బండి దగ్గరికి వస్తే పెట్రోల్ వాసన, ఇంజన్ మీద తడి, నేల మీద మరక. చాలామంది ఆ రోజే ట్యాంకు ఊడదీసి వెల్డింగు షాపులో ఇచ్చేస్తారు. నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒకటే: కారేది ఎక్కడినుంచో, ట్యాంకు లోపల రేకు ఎలా ఉందో చూడకుండా ఏ రిపేరూ ఎంచుకోవద్దు. బయట ఒకేలా కనపడే తడికి వంద రూపాయల లోపు వాషరుతో పోయే కారణమూ ఉండొచ్చు, ట్యాంకు మొత్తం మార్చాల్సిన కారణమూ ఉండొచ్చు. తప్పు మందు వేస్తే డబ్బు పోవడమే కాదు, బాగున్న ట్యాంకు కూడా పాడవుతుంది.

దానికన్నా ముందు నిప్పు సంగతి. పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు. పైకి తేలిపోదు, నేల మీద పాకుతూ పల్లంలో పేరుకుంటుంది. గాలిలో దాని పాలు దాదాపు 1.4 నుంచి 7.6 శాతం మధ్య ఉంటే చిన్న నిప్పురవ్వ చాలు. అందుకే కారుతున్న బండిని అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఇన్వర్టర్ పక్కనా, ఇంటి వరండాలో తులసికోట దీపం దగ్గరా పెట్టకండి. ఆరుబయటకు తోయండి, స్టార్ట్ చేయకండి. చూడటానికి ఎల్‌ఈడీ టార్చి వాడండి, వైరుకు వేలాడే బల్బు వద్దు. తీసిన పెట్రోల్‌ని కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి వంటగది గట్టు కింద దాచే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. మూత గట్టిగా పట్టే ఇనుప క్యానులో పోసి, ఇంటి బయట నీడలో పెట్టండి.

ముందు జాడ పట్టాలి

పెట్రోల్ తొందరగా ఆరిపోతుంది, పైగా పుట్టిన చోట కారదు. ట్యాంకు అడుగు అంచు వెంట జారి ఎక్కడో చుక్కగా పడుతుంది. అందుకని తడి కనపడ్డ చోటే చిల్లు ఉందనుకోవద్దు. ట్యాంకు కింది భాగాన్ని పొడి గుడ్డతో బాగా తుడవండి. తర్వాత ముగ్గుపిండో, సుద్దపొడో, ముఖానికి రాసుకునే పౌడరో అడుగు అంచు పొడవునా, ట్యాపు చుట్టూ, పైపు చివరల దగ్గర చల్లండి. పది నిమిషాల్లో తడి చార కనపడుతుంది. ఆ చార ఎక్కడ మొదలైందో అదే మీ లీకు. పాత లీకైతే పొడి అవసరం కూడా ఉండకపోవచ్చు. ఆరిన పెట్రోల్ గోధుమరంగు జిగురు మరక వదులుతుంది, ఆ చుట్టూ దుమ్ము మందంగా అంటుకుని ఉంటుంది.

ఇక ట్యాపు పరీక్ష. పెట్రోల్ ట్యాపు ఆఫ్‌లో పెట్టి రాత్రంతా వదిలేయండి. కారడం ఆగిపోతే ట్యాంకు నిర్దోషి. తప్పు ట్యాపుకు కింద ఉంది: రబ్బరు పైపు పగిలి ఉంటుంది, లేదా కార్బురేటర్‌లో ఫ్లోట్ సూది సరిగా మూసుకోక ఓవర్‌ఫ్లో పైపు నుంచి కారుతుంటుంది. ఈ రెండో దానికి ఇంకో ప్రమాదం ఉంది. పొంగిన పెట్రోల్ ఇంజన్‌లోకి దిగి ఆయిల్‌లో కలవొచ్చు. ఫోర్ స్ట్రోక్ బండి (స్ప్లెండర్, బుల్లెట్ లాంటిది) అయితే ఆయిల్ మట్టం చూసే కడ్డీ, అంటే డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. ఆయిల్ మట్టం పెరిగి, పెట్రోల్ వాసన వస్తుంటే ఆయిల్ మార్చకుండా బండి నడపొద్దు.

ట్యాపు ఆపినా కారుతుంటే అప్పుడు చూడాల్సింది ట్యాపు ట్యాంకుకు కలిసే చోటు. చాలా బండ్లలో ట్యాపు రెండు చిన్న స్క్రూలతో బిగించి ఉంటుంది, మధ్యలో రబ్బరు రింగు ఉంటుంది. ఆ రింగు ఎండి గట్టిపడుతుంది. స్క్రూల కింద ఉండే వాషర్లు పోయినా వాటి వెంట కారుతుంది. ట్యాపు అడుగున చెత్త పట్టే చిన్న కప్పు ఉంటే దాని రింగు కూడా చూడండి. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం దాకా ఇథనాల్ కలిపిన పెట్రోల్. 1990ల నాటి రబ్బరు, కార్కు గాస్కెట్లు ఆ మిశ్రమం కోసం చేసినవి కావు. కొన్ని ఉబ్బుతాయి, కొన్ని బిరుసెక్కి పగులుతాయి.

ఫుల్ ట్యాంకు కొట్టించిన రోజే కారి, కాస్త పెట్రోల్ తగ్గాక ఆగిపోతోందా? అయితే మూత గాస్కెట్ మీద అనుమానం పెట్టుకోండి. పెట్రోల్ ప్రతి డిగ్రీ వేడికీ సుమారు వెయ్యిలో ఒక వంతు వ్యాకోచిస్తుంది. బంకు భూగర్భ ట్యాంకు నుంచి వచ్చిన చల్లటి 10 లీటర్ల పెట్రోల్, మన మే నెల ఎండలో 20 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 200 మిల్లీలీటర్లు పెరుగుతుంది. మూత అంచు దాకా నింపిన ట్యాంకులో అది పోయే చోటు లేక బయటికి వస్తుంది. దీనికి మూత కింద పాలిథిన్ కవర్ పెట్టి బిగించేవాళ్లు ఉన్నారు. అలా చేస్తే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోతుంది, పెట్రోల్ కిందికి దిగక దారిలో ఇంజన్ ఆగిపోతుంది. గాస్కెట్ మార్చండి, రెండు వేళ్ల ఖాళీ ఉంచి కొట్టించండి.

ఇవేవీ కాకపోతే అప్పుడు రేకు. మోటార్‌సైకిల్ ట్యాంకు అంటే అచ్చు కొట్టిన రేకు ముక్కలను అంచుల దగ్గర అతికించిన డబ్బా. ఫ్రేమ్ మీద కూర్చోవడానికి మధ్యలో గుంత ఉంటుంది కాబట్టి అడుగు రెండు వైపులా రెండు సంచుల్లా వేలాడుతుంది. నీళ్లు పెట్రోల్‌కన్నా బరువు, అందుకే చేరిన చెమ్మంతా ఆ అడుగుకే పోతుంది. ఏళ్ల తరబడి సైడ్ స్టాండ్ మీద ఎడమకు వాలి నిలబడే బండికి ఎడమ సంచి అడుగు, వెనక అంచు ముందుగా తుప్పు పడతాయి. కాకినాడ, మచిలీపట్నం, విశాఖ లాంటి సముద్రపు ఊళ్లలో ఉప్పుగాలి వల్ల బయటినుంచీ తింటుంది. ఇక బుల్లెట్‌లాగా అదురు ఎక్కువున్న బండ్లలో వేరే రకం లీకు కనపడుతుంది: ట్యాంకు ఫ్రేమ్‌కు బిగించే పట్టీ దగ్గర, అతుకు దగ్గర సన్నటి పగులు. తుప్పు చిల్లు, అదురు పగులు, ఈ రెండింటి తేడా గుర్తుపెట్టుకోండి. రిపేరు ఎంపిక మొత్తం దీని మీదే నడుస్తుంది.

సన్నటి చిల్లు బయటపడకపోతే ట్యాంకు ఊడదీసి, ఖాళీ చేసి, సబ్బునీళ్లతో కడిగి, రంధ్రాలన్నీ మూసి, పంక్చర్ షాపులో ట్యూబు ముంచినట్టు నీళ్ల తొట్టిలో ముంచి చూస్తారు. సైకిల్ పంపుతో కొద్దిగా గాలి పెడితే చాలు, రెండు మూడు పీఎస్‌ఐ మించనివ్వొద్దు. కంప్రెసర్ పైపు నేరుగా పెట్టనివ్వకండి. ట్యాంకు ఒత్తిడి కోసం చేసింది కాదు, ఉబ్బి అతుకు విడిపోతుంది. నోటితో ఊదడం అసలే వద్దు, ఆ ఆవిరి ఊపిరితిత్తులకు చేటు.

లోపల చూస్తేనే తీర్పు

మూత తీసి టార్చి వేసి చూడండి. రేకు బూడిదరంగులో శుభ్రంగా ఉందా, నారింజరంగు పొడి పల్చగా ఉందా, పొరలు పొరలుగా లేచి ఉందా? బయట అడుగు వైపు పెయింటు కింద పొక్కులు ఉన్నాయేమో వేలితో తడిమి చూడండి. పొక్కు ఉన్నచోట స్క్రూడ్రైవర్ మొనతో మెల్లగా నొక్కితే రేకు గట్టిగా నిలబడాలి. లోపలికి పోతే అక్కడ రేకు లేదు, పెయింటే పెట్రోల్‌ని ఆపుతోంది. ఖాళీ ట్యాంకును అటూ ఇటూ ఊపితే గలగలమని తుప్పు పెళ్లలు చప్పుడు చేస్తే అదీ ఓ సాక్ష్యమే. కార్బురేటర్ జెట్ (పెట్రోల్ వెళ్లే సన్నటి రంధ్రం) మాటిమాటికీ మూసుకుపోతోందని మెకానిక్ చుట్టూ తిరుగుతున్నవాళ్లు కూడా ముందు ఈ పని చేయాలి.

చిల్లు ఒక్కటే కనపడ్డా దాని చుట్టూ అరచేతి మేర రేకు గుల్లబారి ఉండొచ్చు. అలాంటి ట్యాంకుకు ఒకచోట వెల్డింగు పెడితే నెల తిరగకముందే పక్కన ఇంకోటి తెరుచుకుంటుంది.

దారిలో ఆపడానికి

ఊరికి దూరంగా ఉన్నప్పుడు కారితే బట్టల సబ్బు ముక్క అరగదీసి చిల్లుమీద గట్టిగా రుద్దండి. సబ్బు పెట్రోల్‌లో తేలిగ్గా కరగదు కాబట్టి ఇంటికి చేరేదాకా ఆపుతుంది. ఎం-సీల్ లాంటి ఎపాక్సీ ముద్ద ఇంకాస్త ఎక్కువ రోజులు పట్టుకుంటుంది, కానీ ఒక షరతు ఉంది. పెట్రోల్ ఆ చిల్లు మట్టానికి కిందికి దించి, పెయింటు గీకి, మెరిసే రేకు బయటపడ్డాక, పూర్తిగా పొడిగా ఉన్నప్పుడే పెట్టాలి. కారుతుండగా అంటిస్తే అది అంటినట్టే కనపడుతుంది తప్ప రేకును పట్టదు. అతుకు అంచు మీద అదురు వల్ల త్వరగానే లేస్తుంది. ఈ రెండూ వైద్యం కాదు, రిపేరు దాకా గడిపే మార్గాలు. ఎం-సీల్ పెట్టి రెండేళ్లు మర్చిపోయిన ట్యాంకులో తుప్పు లోపల తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది.

కళాయి మాటా, బ్రాసు వెల్డింగా?

ఈ రెండింటినీ కలిపి "వెల్డింగే కదా" అనేస్తారు. చాలా తేడా ఉంది.

కళాయి మాటు అంటే తగరం, సీసం కలిసిన లోహాన్ని కరిగించి చిల్లు మీద పారించడం. అది 190 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. రేకు అంతకన్నా పెద్దగా వేడెక్కదు కాబట్టి పల్చబడ్డ రేకు కాలిపోదు, చుట్టుపక్కల పెయింటు కూడా చాలావరకు నిలుస్తుంది. గుండుసూది చిల్లులకు, అతుకు వెంట చెమ్మకు ఇది మంచి పని. బలం మాత్రం తక్కువ. పట్టీ దగ్గర అదురుకు వచ్చిన పగులుకు మాటు వేస్తే మళ్లీ విచ్చుకుంటుంది. పైగా మెరిసేదాకా శుభ్రం చేయని రేకును మాటు పట్టదు. ఈ పని ఓపికగా చేసే చేతులు తగ్గిపోతున్నాయి. పాత రేడియేటర్లు బాగుచేసే షాపుల్లో అడగండి, వాళ్లకు ఇది వచ్చు.

బ్రాసు వెల్డింగు గ్యాస్ మంటతో ఇత్తడి కడ్డీని కరిగించి పోయడం. అక్కడ వేడి 900 డిగ్రీల దాకా పోతుంది. రేకు గట్టిగా ఉన్నచోట ఇది మాటుకన్నా ఎన్నో రెట్లు బలం. పట్టీ దగ్గర పగులు వచ్చి, లోపల శుభ్రంగా ఉన్న ట్యాంకుకు నా ఓటు దీనికే. అదే తుప్పు తిన్న రేకు మీద మంట పెడితే బియ్యపుగింజంత చిల్లు రూపాయి బిళ్లంత అవుతుంది. అప్పుడు "కొత్త ముక్క వేయాలి" అంటారు. ముక్క వేయడం తప్పు కాదు, చుట్టూ గట్టి రేకు దొరికేదాకా కోసి వేస్తే నిలుస్తుంది కూడా. ఆ పని చేయగలిగినవాళ్లు టిగ్ వెల్డింగు (పల్చటి రేకుకు సరిపడే సన్నటి కరెంటు వెల్డింగు) మీద చేస్తే ఇంకా శుభ్రంగా వస్తుంది. మామూలు ఆర్క్ వెల్డింగు మాత్రం ఒప్పుకోకండి. గేట్లు, గ్రిల్స్ అతికించే ఆ మంటకు ట్యాంకు రేకు ఆగదు.

ఏది ఎంచుకున్నా షాపులో మీరు దగ్గరుండి చూడాల్సింది ఒకటుంది. నిండు ట్యాంకుకన్నా ఖాళీ ట్యాంకే ప్రమాదం. నిండుగా ఉంటే లోపల గాలికి చోటు లేదు. ఖాళీ చేస్తే మిగిలిన ఆవిరి గాలితో కలిసి సరిగ్గా పేలే పాళ్లకు వస్తుంది. రెండు రోజులు మూత తీసి ఎండలో పెట్టడం చాలదు, తుప్పు పొరల్లో దాగిన పెట్రోల్ వేడి తగలగానే మళ్లీ ఆవిరవుతుంది. వేడినీళ్లు, సబ్బుపొడి పోసి చాలాసార్లు కడగాలి. మంట పెట్టేముందు కారే చోటు పైకి వచ్చేలా ట్యాంకును తిప్పి, ఆ చోటుకు కాస్త కింది దాకా నీళ్లు నింపి, ఆవిరి పోవడానికి ఒక రంధ్రం తెరిచి ఉంచాలి. "మాకు అలవాటే, నీళ్లు అక్కర్లేదు" అన్న షాపు ఎంత పేరున్నదైనా ట్యాంకు తీసుకుని వచ్చేయండి. ఆ మాట అంటున్న మనిషి ప్రాణం కూడా అందులో ఉంది.

లోపలి కోటింగు

ట్యాంకు లోపల ఎపాక్సీ రకం ద్రవం పోసి, అన్ని మూలలకూ తాకేలా తిప్పి, మిగిలింది ఒంపేసి ఆరబెడితే లోపల ఒక కొత్త పొర ఏర్పడుతుంది. చిన్న చిల్లులు మూసుకుంటాయి, తుప్పు ఆగుతుంది. మంట లేదు, పెయింటు చెడదు. ఆర్‌ఎక్స్ 100 లాంటి బండికి ఒరిజినల్ ట్యాంకు, దాని మీది గీతలు, రంగు కాపాడుకోవాలనుకునేవాళ్లకు ఇది నిజంగా విలువైన దారి.

కానీ దీని ఫలితం 90 శాతం ముందు చేసే శుభ్రతలోనే ఉంది. లోపల పిడికెడు నట్లు, సన్నటి గొలుసు ముక్క వేసి గిలకొట్టి పెళ్లలు రాల్చాలి. తర్వాత నిమ్మ ఉప్పు వేడినీళ్లలో కలిపి నింపి ఒకటి రెండు రోజులు ఉంచాలి, వెనిగర్ కూడా పనిచేస్తుంది. తొందరగా అవుతుందని బాత్‌రూమ్ యాసిడ్ పోసేవాళ్లున్నారు. అది తుప్పుతోపాటు రేకునూ తింటుంది, పైగా మండే వాయువు పుడుతుంది. యాసిడ్ గుణం పోవడానికి వంటసోడా నీళ్లతో కడిగి, వెంటనే ఆరబెట్టాలి. తడి రేకు గంటలోపే మళ్లీ ఎర్రబడుతుంది. చెమ్మ మిగిలినచోట కోటింగు పట్టదు. వానాకాలంలో ఈ పని పెట్టుకోకపోవడమే మంచిది. డబ్బా మీద రాసినన్ని రోజులు పూర్తిగా ఆరనివ్వండి, ఆగలేక ముందే పెట్రోల్ పోస్తే పొర మెత్తబడుతుంది.

కొనేముందు ఇథనాల్ పెట్రోల్‌కు తట్టుకుంటుందని డబ్బా మీద స్పష్టంగా ఉందో లేదో చూడండి. తట్టుకోని కోటింగు కొంతకాలానికి పొట్టు పొట్టుగా లేచి ట్యాపు జల్లెడలో, జెట్‌లో చేరుతుంది. ఒకసారి అలా లేచిన పొరను లోపలినుంచి తీయడం తుప్పు తీయడంకన్నా కష్టం. ఇంకొకటి: పెన్సిల్ మొన పట్టే చిల్లు ఉంటే కోటింగు ఒక్కటే దాన్ని మూయలేదు. ముందు మాటు, ఆ తర్వాత కోటింగు. నా లెక్కలో తుప్పు పట్టిన పాత ట్యాంకులకు ఈ జోడీయే అన్నిటికన్నా నమ్మకమైన రిపేరు.

ట్యాంకే మార్చాలంటే

మూడు రకాలు దొరుకుతాయి: కంపెనీ కొత్తది, బయటి తయారీ కొత్తది, పాత బండి నుంచి తీసింది.

స్ప్లెండర్ రోజూ నడిపే బండి అయితే కంపెనీ ట్యాంకు దొరుకుతుందేమో ముందు అడగండి. మోడల్, తయారీ సంవత్సరం చెప్పి అడగాలి. ఒకే పేరున్న బండ్లలో కూడా మూత, ట్యాపు బిగింపు, గేజి రంధ్రం మారుతూ వచ్చాయి. ఆర్‌ఎక్స్ 100 తయారీ 1996లోనే ఆగిపోయింది, యెజ్డీలు చేసిన మైసూరు ఐడియల్ జావా కూడా అదే ఏడాది మూతపడింది. కాబట్టి వీటికి బయటి తయారీయో, పాతదో వెతకాల్సిందే. బయటి తయారీవాటిలో రేకు మందం, అతుకు పని ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది. చేత్తో ఎత్తి చూస్తే పాతదానికన్నా బాగా తేలిగ్గా ఉంటే అదృష్టం మీద ఆధారపడకండి. కొన్న రోజే నీళ్లు నింపి ఒక పూట పెట్టి చూసి, ఆరబెట్టి, ఆ తర్వాతే రంగుకు ఇవ్వండి.

పాత ట్యాంకు కోసం విజయవాడ ఆటోనగర్, హైదరాబాద్ పుత్లీబౌలీ లాంటి చోట్లకు వెళ్లేటప్పుడు చిన్న అయస్కాంతం, టార్చి తీసుకెళ్లండి. మెరిసే కొత్త పెయింటు కింద పుట్టీ మందంగా ఉన్నచోట అయస్కాంతం జారిపోతుంది. అడుగు అంచులు, వెనక మూల ప్రత్యేకంగా చూడండి. లోపల కోటింగు వేసి ఉంటే ఎందుకు వేశారో అడగండి. సొట్ట ఉన్నా లోపల శుభ్రంగా ఉన్న ట్యాంకు, పైకి నిగనిగలాడుతూ లోపల గలగలమనే ట్యాంకుకన్నా వంద రెట్లు నయం. సొట్ట తీయించుకోవచ్చు, పోయిన రేకును తేలేం. రంగు మాత్రం మీ ఆర్‌సీలో ఉన్నదే వేయించండి.

మరి మీ బండికి ఏది?

కారేది ట్యాపు, పైపు, మూత దగ్గరైతే రబ్బరు సామాను మార్చండి. ఒకటి పోయిందంటే మిగతావీ అదే వయసులో ఉన్నాయి, అన్నీ ఒకేసారి మార్చేయండి. పట్టీ దగ్గర పగిలి లోపల శుభ్రంగా ఉంటే బ్రాసు వెల్డింగు, దాంతోపాటు ట్యాంకు కింది రబ్బర్లు కొత్తవి. రబ్బర్లు మార్చకపోతే అదే అదురు అక్కడే మళ్లీ పగలగొడుతుంది. ఒకటి రెండు సన్నటి తుప్పు చిల్లులు, చుట్టూ రేకు గట్టిగా ఉంటే మాటు, కోటింగు. అడుగంతా గుల్లబారి, నొక్కిన చోటల్లా మొన దిగుతుంటే, రోజూ ఆఫీసుకు తిరిగే బండి కోసం రిపేరు మీద ఒక్క రూపాయి కూడా పెట్టొద్దు, ట్యాంకు మార్చండి. నాన్నగారి బుల్లెట్, ఆ ట్యాంకే ఉండాలి అనుకుంటే అడుగు రేకు కోసి కొత్తది వేయించడం ఒక్కటే సరైన దారి. దానికి ఖర్చు కొత్త ట్యాంకును దాటొచ్చని ముందే ఇంట్లో చెప్పుకోండి.

మారుతి 800 లాంటి పాత కార్ల సంగతి కాస్త వేరు. ఫుల్ కొట్టించినప్పుడే వాసన వస్తుంటే పెట్రోల్ పోసే గొట్టాన్ని ట్యాంకుకు కలిపే రబ్బరు హోసు ముందు చూడాలి. ట్యాంకు బండి అడుగున ఉంటుంది కాబట్టి జాకీ మీద లేపి మీరే కిందికి దూరకండి, ర్యాంపు ఉన్న షాపుకు తీసుకెళ్లండి. ఎంపీఎఫ్‌ఐ మోడల్ (కార్బురేటర్ బదులు ఇంజెక్షన్ ఉన్నది) అయితే లైన్లలో ఒత్తిడి ఉంటుంది. పైపు ఊడదీస్తే పెట్రోల్ చిమ్ముతుంది, అది తెలిసిన మెకానిక్ చేయాల్సిన పని.

రిపేరు అయ్యాక ట్యాంకు బిగించేముందే సగం పెట్రోల్ పోసి, అడుగున ముగ్గుపిండి చల్లి, కాగితం మీద ఆరుబయట ఒక రాత్రి ఉంచండి. పొడి ఎక్కడా తడవకుండా ఉంటే బిగించి, వారం రోజులు నడిపాక మళ్లీ అదే చోట చూడండి. మాటు గానీ వెల్డింగు గానీ అదురుకు విచ్చుకునేది ఎక్కువగా ఆ మొదటి రోజుల్లోనే. ట్యాపు జల్లెడ కూడా అప్పుడే విప్పి చూడండి, మిగిలిన తుప్పంతా దానిలోకి వచ్చి చేరి ఉంటుంది. బండి నెలల తరబడి వాడకుండా పెట్టాల్సి వస్తే సెంటర్ స్టాండ్ మీద, దాదాపు నిండు ట్యాంకుతో పెట్టండి. లోపల ఖాళీ ఎంత తక్కువుంటే చెమ్మ అంత తక్కువ చేరుతుంది.